చిక్కబళ్ళాపురంలో తోమిన మూత

యాంటెన్నాల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నా అనుభవాలు రాయమని మా పాత ఆఫీసు వాళ్ళు అడిగారు. స్ఫూర్తినిచ్చేలా ఉండాలన్నారు. సరేనని కూర్చున్నాను. తీరా వెనక్కి తిరిగి చూసుకుంటే, ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువ కాలం గడిపింది అయోమయంలోనే. తెలిసిన రోజులు తక్కువ. తెలిసిందని అనుకున్న రోజులు ఇంకొంచెం ఎక్కువ. మిగిలిన రోజులన్నీ గ్రాఫు ముందు కూర్చుని, ఇది ఇలా ఎందుకు వంగింది దేవుడా అని తల పట్టుకున్నవే. కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. కాబట్టి నేను చెబుతాను, స్ఫూర్తి సంగతి మీరు చూసుకోండి.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివాటిని ఇప్పుడు తలుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది.

మా ఇంట్లో నా ఉద్యోగం

మాది చింతామణి, కర్ణాటకలోని తెలుగు ఊరు. చింతపండు, వేరుశనగ వ్యాపారం. నాన్న తర్వాత అంగడి మా తమ్ముడు శ్రీనివాసులు చూసుకుంటున్నాడు. నేను ఇంజనీరింగ్ చదివి బెంగుళూరులో ఒక కంపెనీలో యాంటెన్నాల విభాగంలో చేరినప్పుడు, మా అమ్మ అంగడికొచ్చిన వాళ్ళందరికీ "మా పాప టవర్లు కడతాది" అని చెప్పింది. నేను టవర్లు కట్టనమ్మా, వాటి మీద పెట్టే పలకలు తయారుచేస్తానని చెప్పాను.

"ఆ పలక ఏం చేస్తాది?"

"ఫోన్లో మాట గాలిలో ఎటు పోవాలో అటు పంపిస్తుంది."

అమ్మ కాసేపు ఆలోచించింది. "మాటకు దోవ చెప్పేదానికి జీతమిస్తారా?" అని అడిగింది. ఇస్తారన్నాను. నమ్మలేదు. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా, తాంబూలం చేతికి రాకముందే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వచ్చేవారు. "అమ్మా, కైవార పక్క మా తోటలో సిగ్నల్ లేదు, రవ్వంత చూడమ్మా" అని. కంటి డాక్టరును పట్టుకుని పంటినొప్పి చూడమన్నట్టుండేది. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత ఫోను తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గంభీరంగా తల ఊపి తిరిగి ఇచ్చేదాన్ని. వాళ్ళు తృప్తిగా వెళ్ళేవారు. నిజానికి ఆఫీసులో నేను చేసిందీ చాలాసార్లు అంతే.

ఈ అలల గుణం

కొత్త మొబైల్ నెట్‌వర్కులకు కావలసినంత జాగా ఇప్పుడు పై ఫ్రీక్వెన్సీలలోనే మిగిలింది. అక్కడ అల పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ అల మహా సుకుమారి. చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది, తడి ఆకు అడ్డమొచ్చినా ఆగిపోతుంది. అందుకని ఒక్క యాంటెన్నా చాలదు. గోరంత యాంటెన్నాలు పలక మీద వరసలుగా పేర్చి, అన్నీ కలిసి ఒకే దిక్కుకు తోసేలా చేస్తాం. బురదలో దిగబడిన బండిని పదిమంది ఒకే ఊపులో తోస్తేనే కదులుతుంది కదా, అదే సూత్రం. ఎవరు రవ్వంత ముందు తోయాలి, ఎవరు వెనక తోయాలి అన్నది మారుస్తూ పోతే, పలక కదలకుండానే కిరణం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర ఇది చేయడం పెద్ద గొప్ప కాదు. వెడల్పాటి ఫ్రీక్వెన్సీల పట్టీ, అదే బ్యాండు, మొత్తంలో, కింది చివర నుంచి పై చివర దాకా, ఏ దిక్కుకు తిప్పినా పనిచేయాలంటేనే మనిషికి పిచ్చెక్కుతుంది. పక్కపక్కనున్న యాంటెన్నాలు ఒకదాని పనిలో ఒకటి వేలు పెడతాయి. మధ్యలో బాగుచేస్తే చివర చెడుతుంది. చివర బాగుచేస్తే ఓ పక్కకు తిప్పినప్పుడు చెడుతుంది. కంప్యూటర్ అంతా బాగుందంటుంది. మీరు అడిగినదానికే అది జవాబు చెప్పింది, అడగనిదానికి దాని పూచీ లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

సుబ్బరాయప్పగారి స్వీటు డబ్బా

నా మొదటి బాసు సుబ్బరాయప్పగారు. ఆయన పెద్ద మాటకారి కాదు. గది గోడలనిండా అలలను మింగేసే నల్ల స్పాంజి తాపడం చేసి యాంటెన్నాలను పరీక్షిస్తాం. నేను చేసిన మొదటి పలక ఆ గదిలో కొలిస్తే గ్రాఫులో ఎడమ పక్క ఎందుకో గుంటపడ్డట్టు చూపించింది. నాకు ఓపిక తక్కువ. ఒకేసారి మూడు మార్పులు చేసి మళ్ళీ కొలిచాను. గుంట మాయమైంది. ఆనందం పట్టలేక మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి అందరికీ పంచబోయాను.

"మూడింట్లో దేనివల్ల పోయింది?" అని అడిగారాయన.

నాకు తెలియదు. డబ్బా తీసుకుని తన సొరుగులో పెట్టుకున్నారు. మూడూ యథాప్రకారం పెట్టమన్నారు. గుంట తిరిగి వచ్చింది. ఒక్కొక్కటే మార్చాను. ఏ ఒక్కదానితోనూ పోలేదు! రెండు కలిస్తేనే పోతోంది, మూడోదానికి సంబంధమే లేదు. ఆ సంగతి తేలేసరికి చాలా రోజులు పట్టింది. "ఇప్పుడు కొంచెం తెలిసింది, స్వీటు తిందాం" అని ఆయన సొరుగు తీస్తే, లోపల చీమలు సగం పని పూర్తిచేసి ఉన్నాయి.

ఒకసారికి ఒకటే మార్చు. ఆయన నాకు నేర్పింది అదొక్కటే. ఇంకో సలహా నాది: "నాకు తెలియదు" అనగలిగే బాసు దగ్గర చేరండి. అన్నీ తెలిసిన బాసుల దగ్గర కూడా చేశాను. వాళ్ళ తప్పులు దిద్దడానికి పట్టిన కాలంలో ఇంకో రెండు పలకలు చేసి ఉండేదాన్ని.

మూడు ఊళ్ళు, ఒక పలక

నా ఆఖరి పెద్ద పని, అలాంటి వెడల్పు పట్టీ పలకను బయట ఊళ్ళలో పరీక్షించడం. డిజైన్ నాది కాదు, భార్గవిది. బాగేపల్లి అమ్మాయి. మా ఇద్దరికీ కోపమొస్తే ఇంగ్లీషు, కన్నడం రెండూ పోయి మా ఊరి తెలుగు బయటికొచ్చేది, ఆఫీసులో మిగతావాళ్ళు నోరు తెరుచుకుని చూసేవారు. ఆ పలక కోసం ఆమె కొన్నేళ్ళుగా మనసూ శరీరమూ పెట్టి పనిచేసింది.

విదేశంలో ఉన్న మా పెద్దాఫీసు వాళ్ళు ఇంకో పలక చేశారు. అది ఇరుకు పట్టీది, ఏ గొడవా లేనిది. ఆ చలికాలం మా పలక మూడు ఊళ్ళలో నిలబడితే దాన్నే తీసుకుంటారు. లేకపోతే వాళ్ళది తీసుకుని, మా బృందాన్ని విడగొట్టి తలా ఒక పనిలో పడేస్తారు. నాకేం, రేపో మాపో రిటైరయ్యేదాన్ని. భార్గవికి మాత్రం అదే సర్వస్వం.

ఊళ్ళు ఎంచమంటే మాకు తెలిసినవే ఎంచుకున్నాం. చిక్కబళ్ళాపురంలో ఒక పట్టు వ్యాపారి మిద్దె, బాగేపల్లిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జి మిద్దె, చింతామణిలో మా తమ్ముడి గోదాము మిద్దె. ఈ అలలు దూరం పోవు కాబట్టి ఎత్తయిన టవర్లు అక్కర్లేదు, మిద్దెల మీద పొట్టి స్తంభాలు చాలు. బిగించే పని పేరేసంద్ర ఊరి వెంకటరవణప్పది. టెంపో, నిచ్చెన, ఇద్దరు మనుషులతో జిల్లా అంతా తిరిగే కాంట్రాక్టరు. దసరా ముందర పని పూర్తయింది.

పూర్తయ్యాక ఆయుధ పూజ వచ్చింది. వెంకటరవణప్ప టెంపో కడిగి అరటి పిలకలు కట్టాడు, బూడిద గుమ్మడికాయ కొట్టాడు. స్పానర్లకు, డ్రిల్లుకు, నిచ్చెనకు బొట్లు పెట్టాడు. ఆ ఊపులో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మిద్దెలెక్కి రెండు పలకలకూ పసుపు, గంధం, కుంకుమ పెట్టి, విభూతి గీతలు తీసి, ఫోటోలు నాకు పంపాడు. చింతామణిలో ఆ పని మా శ్రీనివాసులే చేశాడు.

"ఇదేంట్రా?" అని అడిగితే, "తక్కెడకు పెట్టి, బీగాలకు పెట్టి, దీనికి పెట్టకుంటే ఎట్లక్కా? మన మిద్దె మీదే కదా ఉండాది" అన్నాడు.

నవ్వాను. నవ్వడానికి నాకేం హక్కుందో తెలియదు. అదే రోజు మా ల్యాబులో నేనూ భార్గవీ చేతికందిన పరికరాలన్నిటికీ బొట్లు పెట్టి, బొరుగులూ పుట్నాలూ బెల్లమూ పంచిపెట్టాం. మా ల్యాబులో అది ఎప్పుడూ ఉన్నదే. పూజ కాని పరికరం ఒక్కటి మిగిలిపోతే మర్నాడు వెతికి మరీ పెట్టేవాళ్ళం.

తుడవమన్నారు

ఆ తర్వాత కొన్నాళ్ళకు పెద్దాఫీసు నుంచి థామస్ వస్తున్నాడని తెలిసింది. ఏ పలక ఉండాలో తేల్చేవాడు ఆయనే. మా విభాగాధిపతి మురళీధర్ ఫోటోలు తిరగేస్తూ చిక్కబళ్ళాపురం పలక దగ్గర ఆగిపోయాడు.

"ఇదేమిటి? ఆయన చూస్తే ఏమనుకుంటాడు? మూడింటి మీదా తీయించేయండి."

మురళీధర్ చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో రోజూ పూజ చేసుకుని వచ్చే మనిషే. ఆ మాట విన్నప్పుడు నాకూ హమ్మయ్య అనిపించింది. భార్గవి కూడా తల ఊపింది. ఎందుకని మాలో ఒక్కరమూ అడగలేదు. అడగాల్సిన ప్రశ్నలా తోచలేదు.

శ్రీనివాసులుకు ఫోను చేస్తే, "పూజ చేసింది తుడిచేదా? నాతో కాదు. కావాలంటే నువ్వొచ్చి తుడుచుకోక్కా" అన్నాడు. థామస్ చింతామణి వెళ్ళడం లేదు కాబట్టి వదిలేశాను. బాగేపల్లి లాడ్జి ఓనరు మిద్దె తలుపు బీగాలు పట్టుకుని తిరుపతి పోయాడు, అది అలాగే ఉండిపోయింది. చిక్కబళ్ళాపురంలో వెంకటరవణప్ప మిద్దెక్కాడు. తెల్లటి మూత మీద పసుపు మరక నీళ్ళకు పోతుందా? సాయంత్రం ఫోను చేశాడు.

"అయిపోయిందమ్మా. ఊరికే తుడిస్తే పోలేదు. చింతపండు రుద్ది, గిన్నెలు తోమే పొడి, పీచు ఏసి తోమినాను. మా ఇంట్లో ఇత్తడి చెంబు కూడా అంత తెల్లగా ఉండదు."

శెభాష్ అన్నాను.

థామస్ వచ్చాడు. ఆ మిద్దెకు నిటారుగా ఉండే ఇరుకు మెట్లు. ఆయనకు మోకాలు నొప్పి. పైకి రాలేనని కిందే ఆగి, వీధిలోంచి ఒకసారి తల ఎత్తి చూశాడు. పట్టు వ్యాపారి ఇచ్చిన ద్రాక్షలు తిన్నాడు, నంది కొండకు ఎంత దూరమని అడిగాడు, వెళ్ళిపోయాడు.

పొద్దున్నే పడిపోయే సిగ్నలు

చలి మొదలైంది. చిక్కబళ్ళాపురంలో తెల్లవారుజామున సిగ్నలు పడిపోవడం మొదలైంది. కాస్త ఎండెక్కితే తనంతట తానే లేచేది. బాగేపల్లి బాగుంది. చింతామణి బాగుంది. ఇదొక్కటే పడుతోంది. అదీ పట్టీ మొత్తంలో సమానంగా పడటం లేదు, పై చివర ఎక్కువగా పడుతోంది. వెడల్పు పట్టీ పలకకు ఎప్పుడూ ప్రాణసంకటం ఆ పై చివరే. అక్కడే లోపం ఉందని చూసేవాళ్ళెవరికైనా అనిపిస్తుంది.

అయోమయమంటే ఏమిటో అప్పుడు మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకున్నాను. నంది కొండ పొగమంచు అన్నారొకరు. లెక్క కట్టి చూస్తే, అంత కొద్ది దూరంలో పొగమంచు తినేది లెక్కలోకి రానంత. పైగా పొగమంచు లేని, ఆకాశం నిర్మలంగా ఉన్న చలి పొద్దుల్లో ఇంకా ఘోరంగా ఉండేది. పొద్దున్నే పూలమార్కెట్టుకు వెళ్ళే లారీలు అడ్డమన్నారొకరు. లారీలు లేని ఆదివారమూ పడింది. చలికి లోపలి సర్క్యూట్ మారుతోందన్నారొకరు. పలక విప్పి ల్యాబుకు తెచ్చి చలిపెట్టెలో పెట్టాం. బంగారంలా పనిచేసింది! తీసుకెళ్ళి మళ్ళీ బిగించాం. మర్నాడు పొద్దున్నే పడింది.

ఒక్కోసారి నాకు దాని మీద కోపమొచ్చేది. మనుషుల మీద వచ్చే కోపమే. మా ముందర ఒకలాగా, మా వెనక ఒకలాగా ఉంటోందని.

పెద్దాఫీసు వాళ్ళు కారణం చెప్పమన్నారు. తర్వాతి సమావేశంలో చెప్పలేకపోతే పలక కథ ముగిసినట్టే. మురళీధర్ ఒక దారి చూపించాడు: పట్టీ పై చివర కోసేద్దాం, ఇరుకు చేసి బతికించుకుందాం. అలా కోస్తే అది వాళ్ళ పలకలాగే అవుతుంది. ఇక మాది ఎందుకు?

ఆ రోజు క్యాంటీన్లో భార్గవి టీ ముట్టుకోలేదు.

"మేడమ్, నేనేం తప్పు చేసినానో చెప్పండి, సరిచేస్తాను. తప్పు యాడుండాదో తెలీకుండా ఏం కోసేది? కాలు నొప్పో చెయ్యి నొప్పో తెలీకుండా కత్తి పట్టుకున్నట్ల ఉండాది నా గతి" అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు తెలియదని చెప్పాను. చెప్పి, ఇంత సీనియారిటీ ఎందుకని సిగ్గుపడ్డాను.

ఒకసారికి ఒకటే

ఇంటికెళ్ళాక సుబ్బరాయప్పగారి సొరుగు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మేము పలక మొత్తాన్ని తెచ్చాం, మొత్తాన్ని తీసుకెళ్ళాం. ఒక్కొక్క భాగంగా చూడనే లేదు. మర్నాడు భార్గవితో చెప్పాను, చిక్కబళ్ళాపురం పలకనూ చింతామణి పలకనూ పక్కపక్కన పెట్టుకుని, ఒకసారికి ఒకే భాగం అటుదిటు, ఇటుదటు మార్చుదామని.

ముందు కరెంటిచ్చే బోర్డు మార్చాం. చిక్కబళ్ళాపురం రోగం చిక్కబళ్ళాపురంలోనే ఉంది. తర్వాత యాంటెన్నాలున్న అసలు పలక మార్చాం, అంటే భార్గవి డిజైన్. రోగం కదల్లేదు. అది చూసి ఆమె కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కళ్ళు మూసుకుంది. తన తప్పు కాదని తెలిసింది, కానీ మరి దేనిదో తెలియలేదు. మిగిలింది ముందుండే ప్లాస్టిక్ మూత. ఎండావానల నుంచి కాపాడేది, అలలకు అడ్డురాకుండా సన్నగా చేసేది. మూతలో ఏముంటుందని ఎవరమూ అనుకోలేదు. వరసలో అదే ఉంది కాబట్టి మార్చాం.

రెండో రోజు పొద్దున్నే శ్రీనివాసులు ఫోను.

"అక్కా, ఏం తెచ్చి పెట్టినారు మన మిద్దె మీద? నువ్వు చూస్తాండమన్న ఫోన్లో నిన్నా లేదు, ఈపొద్దూ లేదు. ఎండొచ్చినాక వచ్చింది."

చిక్కబళ్ళాపురంలో చూస్తే, మూడు వారాలుగా ఏడిపించిన సిగ్నలు చీకు చింతా లేకుండా నిలబడి ఉంది. అక్కడిప్పుడున్నది మా తమ్ముడు బొట్టు పెట్టిన మూత.

మర్నాడు తెల్లారేసరికి భార్గవీ నేనూ చింతామణిలో మిద్దె మీదున్నాం. వాడని కొత్త మూత ఒకటి ఆమె వెంట తెచ్చింది. స్తంభం మీది మూతనిండా మంచునీరు పలచటి పొరలా పరుచుకుని ఉంది. భార్గవి చెంబుతో నీళ్ళు తెచ్చి కొత్త మూత మీద పోసింది. చామాకు మీద పోసినట్టు, బొట్లు బొట్లుగా జారి కింద పడిపోయాయి. పాత మూత మీద కొంచెం పోసింది. నీళ్ళు జారలేదు, అతుక్కుని పరుచుకున్నాయి.

ఆ మూతల మీద నీరు నిలవకుండా కంటికి కనబడని పూత ఒకటి ఉంటుంది. ఈ అలలకు నీటి పొర ఎంత పలచనైనా శత్రువే, పై ఫ్రీక్వెన్సీలకు మరీ శత్రువు. పూత పోతే రాత్రి కురిసిన మంచు పొద్దుటికి నీరై పరుచుకుని సిగ్నలు పడిపోతుంది, ఎండకు ఆరితే లేస్తుంది. ల్యాబులో తడి ఎక్కడిది? అందుకే అక్కడ అంత బుద్ధిగా ఉండేది.

"పూత యాడికి పోయింది?" అంటూ భార్గవి పాత మూతను విప్పి ఏటవాలు ఎండకు పట్టి చూసింది. సన్నటి గీతలు గుండ్రంగా, సుడులు సుడులుగా కనబడ్డాయి. మన ఇళ్ళల్లో ప్రతి స్టీలు గిన్నె మీదా ఉండే గీతలే.

"ఎవరో తోమినట్లుండాది మేడమ్" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వెంకటరవణప్పకు ఫోను చేస్తే, పాపం కంగారుపడ్డాడు. "మీరే కదమ్మా తీయమంటిరి? మచ్చ లేకుండా తీసినాను. ఏమన్నా మిగిలిందా?" అన్నాడు. ఏమీ మిగల్లేదని చెప్పాను.

తుడవని రెండు మూతల మీది బొట్లను కూడా కొలిచి చూశాం. ఎండిన కుంకుమ వల్ల నష్టం వెతికితే గాని కనబడలేదు.

సమావేశం

కారణం దొరికిందని మురళీధర్ ఎగిరి గంతేశాడు. మరుక్షణం ముఖం వాడిపోయింది. "ఇది ఆయనకు ఎలా చెబుతాం? మూత తయారీలో లోపం అని రాద్దాం" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా భార్గవి అందుకుంది. "లోపమంటే ఏ లోపమని అడుగుతారు సార్. పూత ఎందుకు పోయిందో చెప్పకపోతే, రేపు బాగేపల్లిలో కూడా పోతాదేమోనని అనుమానం ఉండిపోతాది. నా పలక మీద అనుమానం ఉండేదానికి నేను ఒప్పుకోను. తోమినామని చెబుదాం." ఆ పిల్ల మురళీధర్‌తో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన కన్నడిగుడు, ఎంత అర్థమైందో గాని, వాదించలేదు.

సమావేశంలో భార్గవే చెప్పింది. మూతలు మార్చిన క్రమం, నీళ్ళ ప్రయోగం, గీతల ఫోటో. ఆయుధ పూజ గురించి చెప్పింది. బొట్టు ఫోటో తెర మీద పెట్టింది. నేను తల వంచుకుని ఆ నవ్వు కోసం ఎదురుచూశాను. అంత పట్టుబట్టి తోమించింది ఆ నవ్వును తప్పించుకోవడానికే కదా.

థామస్ నవ్వలేదు. ఫోటోను కాసేపు చూశాడు. బొట్టు ఉన్న మూతలు రెండూ బాగానే పనిచేస్తున్నాయా అని అడిగాడు. చేస్తున్నాయని చెప్పింది. డిజైన్‌కు సంబంధం లేదని ఒప్పుకున్నాడు, పట్టీ కోయాల్సిన పని లేదన్నాడు. బల్ల కింద భార్గవి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఆయన, ఎగతాళి ఏమీ లేకుండా, మాలాగే నిజంగా అయోమయంగా అడిగాడు.

"అది పని బాగా జరగాలని పెట్టింది కదా. మరి ఎందుకు తుడిచారు?"

మురళీధర్ నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. యాంటెన్నా గురించి ఏమడిగినా మా దగ్గర గ్రాఫులున్నాయి, దీనికి లేవు. థామసే తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు.

ఇంకా తేలనిది

భార్గవి పలక నిలబడింది. ఆ బృందానికి ఇప్పుడు ఆమే పెద్ద. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఒక చెంబు నీళ్ళూ రెండు మూతలూ ఇచ్చి కూర్చోబెడుతుందట. మంచి పని.

నేను చింతామణి వచ్చేశాను. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే వచ్చింది. ఆయన నవ్వుతాడని తుడిచామా? ఆయన ఎవరినైనా చూసి నవ్వగా మాలో ఎవరమూ ఎన్నడూ చూడలేదే. ఇంజనీర్లకు ఇవి తగవని తుడిచామా? మరి ల్యాబులో ఏటా పెట్టిందెవరు? నమ్మకం ఉంటే తుడవకూడదు, లేకపోతే పెట్టకూడదు. పెట్టిన చేతులతోనే తుడిపించామంటే మాకు ఉన్నదేమిటి? ఒకసారికి ఒకటే మార్చి చూద్దామంటే, మనసులో దేన్ని తీసి పక్కన పెట్టాలో తెలియదు. పిల్లలూ, మీకు రాసిన వాటిలో ఇదొక్కటి మాత్రం నేను నేర్పగలిగింది కాదు. నాకూ తెలిస్తే బాగుండును.

మొన్న ఆయుధ పూజకు శ్రీనివాసులు తక్కెడ, బీగాలు, అంగడి కంప్యూటర్ అన్నిటికీ పూజ చేసి, పళ్ళెం తీసుకుని నన్నూ మిద్దెక్కించాడు. పలక ఇప్పుడు అక్కడ శాశ్వతంగా ఉంది. "నువ్వే పెట్టక్కా, నీ ఆయుధమే కదా" అన్నాడు. వేలికి కుంకుమ అద్దుకున్నాను. నష్టం కొలిచి చూశాను, లేదని తెలుసు. మురళీధర్ లేడు, థామస్ లేడు, ఉద్యోగం కూడా లేదు. అయినా వేలు చాచినదాన్ని ఆగి, పిట్టగోడ మీదుగా కిందికి వంగి, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాను.

"ఎవరికోసం చూస్తాండావు?" అన్నాడు తమ్ముడు. "పెట్టక్కా, బొరుగులు మెత్తబడతాండాయి."

పెట్టాను.